ఈడీటీపీఏ: అసలు వీడియోకి ముందు ఒక ఉత్తుత్తి వీడియో

అమెరికాలో టీచర్ సర్టిఫికెట్ కోసం ఈడీటీపీఏ (edTPA: తాము పాఠం చెప్పిన వీడియో, దాని గురించి రాసినది కలిపి పంపే పరీక్ష) రాసేవాళ్లు స్టూడెంట్ టీచింగ్ (బడిలో పాఠాలు చెప్పే శిక్షణ) మొదలయ్యాక గానీ కెమెరా ముట్టుకోరు. అప్పటికి ఆలస్యమైపోతుంది. అంతకుముందు సెమిస్టర్ ఫీల్డ్‌వర్క్‌లోనే ఒక్క పాఠంతో చిన్న నమూనా చేసి చూసుకోవాలి. ఎందుకంటే అసలు పోర్ట్‌ఫోలియోలో (పరీక్షకి పంపే ఆ కట్టలో) ఏ క్లిప్ పెట్టాలో సూపర్‌వైజర్ చెప్పకూడదు, మీ రాతను దిద్దకూడదు. నమూనాకి ఆ నిబంధన లేదు. ఎంత చీల్చి చెండాడినా ఫరవాలేదు.

పరీక్షలో మూడు భాగాలు: 3 నుంచి 5 వరుస పాఠాల ప్లానింగ్, వీడియోతో బోధన, పిల్లల పని మదింపు. చాలా సబ్జెక్టుల్లో 15 రూబ్రిక్‌లు (స్కోరు వేసే కొలమానాలు), ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు స్కోరు. ఫీజు 300 డాలర్లు. న్యూయార్క్ 2022లో దీన్ని తీసేసింది, కాబట్టి మీ రాష్ట్రంలో ఉందో లేదో ముందు చూసుకోండి.

నమూనాకి ఒక పాఠం, ఎడిట్ చేయని 10 నిమిషాల క్లిప్, ముగ్గురు పిల్లల కాగితాలు చాలు. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు దీనికీ కావాలి. సంతకం రాని పిల్లల్ని కెమెరాకి అందని చోట కూర్చోబెట్టండి.

మొదట దెబ్బతినేది శబ్దం. ఫోను గది వెనక పెడితే మీ గొంతు, ఏసీ హోరు తప్ప ఇంకేమీ వినబడదు. స్కోరు చేసేవాళ్లకి కావలసింది పిల్లల మాటలు. ఒక గ్రూపుకి మీటరు దూరంలో, పక్కనుంచి ట్రైపాడ్ మీద పెట్టి, రెండు నిమిషాలు రికార్డు చేసి, ఇయర్‌ఫోన్‌తో విని చూసుకోండి.

వినబడ్డాక అసలు సంగతి బయటపడుతుంది. ఏడో తరగతి లెక్కల పాఠం అనుకోండి: −3 − (−5). ఒక పిల్ల "2" అంటుంది. టీచర్ "గుడ్" అని తర్వాతి లెక్కకి వెళ్లిపోతే ఆ నిమిషంలో చూపించడానికి ఏమీ లేదు. "2 ఎలా వచ్చింది? సంఖ్యారేఖ మీద చూపించు" అని, పక్క పిల్లవాడితో "ఆమె చెప్పిన దానికి ఒప్పుకుంటావా, ఎందుకు?" అంటే అది సాక్ష్యం. ఇండియాలో బీఈడీ చేసి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. గప్‌చుప్‌గా కూర్చున్న తరగతి మంచి తరగతి అని మనకి అలవాటు మరి. క్లిప్ చూస్తూ మీరు మాట్లాడిన సెకన్లు, పిల్లలు మాట్లాడిన సెకన్లు కాగితం మీద గీతలు పెట్టి లెక్కేయండి.

పిల్లలకిచ్చే ప్రశ్నపత్రం కూడా ముందే పరీక్షించుకోవాలి. ఐదు తీసివేతలిచ్చి జవాబులు మాత్రమే అడిగితే పద్ధతి వచ్చిందో లేదో తెలుస్తుంది, భావం అర్థమైందో లేదో తెలియదు. లెక్కల్లో రెండూ చూపించాలి, తర్కం కూడా చూపించాలి. మూడు లెక్కలు తగ్గించి, "ఎందుకలా వచ్చిందో బొమ్మ గీసి ఒక వాక్యం రాయండి" అని చేర్చండి. ఆ వాక్యమే అకడమిక్ లాంగ్వేజ్‌కి (పిల్లలు ఆ సబ్జెక్టు భాష వాడటానికి) సాక్ష్యంగా కూడా పనికొస్తుంది.

ఎంచుకునే ముగ్గురిలో ఒకరికి ప్రత్యేక అభ్యాస అవసరం ఉండాలి. కాగితాల మీద పేర్లు చెరిపేయండి. జవాబు −8 రాసిన పిల్లవాడికి "గుర్తులు చూసుకో" అంటే అది ఫీడ్‌బ్యాక్ కాదు, చీవాట్లు. "−3 దగ్గర మొదలుపెట్టడం సరిగ్గా చేశావు. −5ని తీసేస్తే ఎటువైపు కదలాలో బాణం గీసి మళ్లీ చూడు" అనాలి. వాడు ఆ బాణం గీయడానికి మర్నాటి పాఠంలో ఐదు నిమిషాలు కేటాయించాలి కూడా, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్‌ని పిల్లలు ఎలా వాడుకుంటారన్న దానికి వేరే రూబ్రిక్ ఉంది.

వీడియో గురించి, పిల్లల కాగితాల గురించి మీరు రాసే వివరణ చివర్లో చేయాల్సిన పని. "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు" లాంటి వాక్యం కనబడితే కొట్టేసి, "క్లిప్ 1, 4:12 దగ్గర ఆమె బాణాన్ని కుడికి తిప్పింది" అని రాయండి. అలా సమయం వేసి చూపించలేని వాక్యాలు ఒక పేజీలో ఎన్ని మిగిలాయో సూపర్‌వైజర్‌ని ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టమనండి.