ముందు టైర్లు, ఆ తర్వాతే కారు

మంచు పడే పల్లెదారుల్లో తిరగడానికి తక్కువ ధరలో సెకండ్ హ్యాండ్ కారు కావాలని ఎవరడిగినా, నేను మొదట చెప్పేది ఒకటే. ఉన్న డబ్బంతా కారుకే పెట్టేయకండి. నాలుగు వింటర్ టైర్లకూ ఒక కొత్త బ్యాటరీకీ సరిపడా పక్కన తీసిపెట్టి, మిగిలినదాంతో కారు వెతకండి.

ఈ విషయంలో మా తమ్ముడికీ నాకూ చలికాలం వస్తే చాలు, వాదనే. "ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే సరిపోతుంది కదన్నా, టైర్లదేముంది" అంటాడు. ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ వెళ్లడం. అది బండిని కదిలిస్తుంది, ఎత్తు ఎక్కిస్తుంది. ఆపడంలో మాత్రం దాని సాయం ఏమీ ఉండదు. మలుపు దాటగానే ఎదురుగా ఆవు నిలబడి ఉంటే మనల్ని ఆదుకోవాల్సింది రబ్బరే. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే గట్టిపడుతూ పట్టు కోల్పోతుంది, వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు చూడండి. ఎం ప్లస్ ఎస్ (M+S, అంటే బురద, మంచు) అని మాత్రమే ఉంటే నేను లెక్కలోకి తీసుకోను. మంచు మీద పరీక్ష పెట్టకుండానే ఆ అక్షరాలు వేసుకోవచ్చు. "టైర్లు కొత్తవే సార్" అన్న మాట కూడా నమ్మనక్కర్లేదు. టైరు పక్కన ఉండే డాట్ (DOT) కోడ్ చివర 3521 అని ఉంటే ఆ టైరు 2021లో 35వ వారంలో తయారైనట్టు.

ఊరి బయట నిటారుగా ఉండే మట్టిదారిలో ఇల్లుండి, మంచు తీసే బండి ఎప్పుడో గానీ రాకపోతే ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోవాల్సిందే. కానీ పాత బండిలో అదో అదనపు ఖర్చు. సుబారు లాంటి, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లలో నాలుగు టైర్ల అరుగుదలా దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి చిరిగితే ఒక్కోసారి నాలుగూ మార్చాల్సి వస్తుంది. మిగతావాళ్లకు నా ఓటు ఇంజిన్ ముందు చక్రాలను మాత్రమే తిప్పే మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్‌కే. ఇంజిన్ బరువు తిప్పే చక్రాల మీదే పడుతుంది కాబట్టి మంచులో బాగానే లాగుతుంది. రిమ్ములు చిన్నవైతే ఇంకా మంచిది. టైర్లు చవకగా వస్తాయి, గుంతల్లో రిమ్ము వంగడం తక్కువ. బండి జారుతుంటే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం వదులుకోవద్దు. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి.

ఇక అసలు శత్రువు తుప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారును కింది నుంచి తినేస్తుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది! అందుకే నేను పాత బట్టలేసుకుని, టార్చిలైటు పట్టుకుని వెళ్తాను. డోర్ల కింది అంచులు, జాకీ పెట్టే చోట్లు, చక్రాల పైన వంపులు, సస్పెన్షన్ బిగించే చోట్లు చూస్తాను. పైపైన ఎర్రబడితే ఫర్వాలేదు. వేలితో నొక్కితే పెళ్లలు రాలితే అక్కడితో సరి. అన్నిటికంటే ముఖ్యం బ్రేక్ పైపులు. సన్నటి లోహపు గొట్టాలు, తుప్పు పట్టి గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడే పగులుతాయి. అడుగంతా తాజాగా నల్ల పూత పూసి ఉంటే నాకు ఇంకా అనుమానం. నిజంగా కాపాడుకోవాలనుకున్నవాళ్లు కారు కొత్తగా ఉన్నప్పుడే పూయిస్తారు, అమ్మే వారం ముందు కాదు. తలుపు మీద సొట్టలు, గీతలంటారా, అవి బేరానికి పనికొస్తాయి.

కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని ఫోన్‌లోనే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ఎందుకు వేడి చేశారో అడగాలి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో వినకుండా చలికాలపు కారు కొనడం గుడ్డి బేరమే. డీజిల్ అయితే మరీను, చలిలో స్టార్ట్ అయ్యేలా ఇంజిన్ లోపల వేడి చేసే గ్లో ప్లగ్గులు పోయాయో లేదో అప్పుడే బయటపడుతుంది.

హీటర్ వేసి కాసేపు కూర్చోండి. ఇంజిన్ వేడెక్కాక కూడా గాలి గోరువెచ్చగానే వస్తుంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తగ్గి ఉండొచ్చు, దాని వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పోయి ఉండొచ్చు. లోపల తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొర ఉంటే వేడి కూలెంట్ పారే హీటర్ కోర్ కారుతోందన్నమాట. దాన్ని మార్చాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి. చలికాలంలో ఏసీ ఎందుకని వదిలేయకండి, గాలిలో తేమ తీసి అద్దాలను తేటపరిచేది అదే. వెనక అద్దం హీటర్ స్విచ్ కూడా నొక్కి చూడండి.

చివరగా, మంచి రోడ్డు మీద ఒక రౌండు కొట్టి వచ్చేయకండి. గుంతలున్న దారిలో, కిటికీలు దించి, పాటలు ఆపి నడపండి. వేగంతో పాటు పెరిగే గూయిమనే చప్పుడు తరచూ వీల్ బేరింగ్‌దే. కారును మెకానిక్ లిఫ్టు మీదికి ఎక్కించి చూస్తానంటే అమ్మేవాళ్లు వద్దన్నారా, నేను ధర కూడా అడగను.