ఎక్స్‌రే మారలేదు, నొప్పి తగ్గింది

నాకు యాభై నాలుగు, హైస్కూల్లో లెక్కలు చెప్తా, అంటే రోజంతా నిలబడే ఉద్యోగమే. కుడి మోకాలు నొప్పి అనగానే అందరూ ఒకటే మాట, గుజ్జు అరిగిపోయింది, ఈ వయసులో మామూలే అని. ఎక్స్‌రేలో అరుగుదల గ్రేడ్ రెండు. మరి మా ఆడపడుచుకి గ్రేడ్ మూడు, అంటే నాకంటే ఎక్కువ అరుగుదల, ఆవిడేమో అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి స్వామి దర్శనం చేసుకొచ్చింది, నేను పైఅంతస్తు క్లాసుకి వెళ్లాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ పోవాల్సొచ్చేది, ఇదెక్కడి న్యాయమో అర్థమయ్యేది కాదు.

తర్వాత మోకాలు వాచింది. చిప్ప పైన మెత్తగా ఉబ్బి, ఒక పక్క నొక్కితే రెండో పక్కకి నీరు జారేది. డాక్టర్ గారు సిరంజితో లాగితే లేత పసుపు రంగులో, జిగటగా వచ్చింది, ఇన్ఫెక్షన్ లేదని ల్యాబ్‌లో చూసి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని వారాలు హాయిగా గడిచాయి. విచిత్రం ఏంటంటే ఆ తర్వాత వాపు పెద్దగా రాలేదు గానీ నొప్పి మాత్రం తిరిగొచ్చింది, అదీ వేరే రకంగా, రాత్రుళ్లు దుప్పటి అంచు తగిలినా జివ్వుమనేది, తొడ దాకా సలుపు.

అప్పుడు చెప్పారు డాక్టర్ గారు, గుజ్జులో అసలు నరాలే ఉండవమ్మా అని! నొప్పి పుట్టేది కీలు లోపలి పొరలో, గుజ్జు కింది ఎముకలో. ఆ పొర వాచినప్పుడు ఊరే రసాయనాలు నరాల కొసల్ని రెచ్చగొడతాయి, అది నెలల తరబడి సాగితే వెన్నుపాము, మెదడు కూడా ఆ సంకేతాల్ని పెంచి చూపిస్తాయట, మైకు సౌండ్ ఫుల్లుగా పెడితే గుసగుస కూడా అరుపులా వినపడినట్టు. నరాల్ని రెచ్చగొట్టే అలాంటి ఒక పదార్థాన్ని ఆపడానికి టానెజుమాబ్ అని ఇంజెక్షన్ తయారు చేశారట, నొప్పి తగ్గింది గానీ కొందరికి కీళ్లు ఇంకా త్వరగా పాడయ్యాయని 2021లో వదిలేశారు.

అలా పెరిగిన నొప్పి సంకేతాల్ని తగ్గించడానికి నాకు రాసింది డ్యూలోక్సెటిన్. అది డిప్రెషన్‌కి కూడా వాడే మందు, షాపులో అబ్బాయి చీటీ వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశాడు పాపం. మొదట్లో వికారం, నోరెండిపోవడం ఉండేవి, సర్దుకున్నాయి (డాక్టర్ని అడక్కుండా టక్కున మానేయొద్దు దీన్ని). కానీ అసలు పని చేసింది ఎక్సర్‌సైజే అంటాన్నేను, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి తొడ బిగించి నొక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. చేసేటప్పుడు కాస్త నొప్పి వస్తే కీలు పాడైపోతున్నట్టు కాదని ఫిజియో అమ్మాయి నమ్మకంగా చెప్పబట్టి ధైర్యం వచ్చింది. కొంచెం బరువు కూడా తగ్గా, కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట.

ఈ మధ్య మళ్లీ ఎక్స్‌రే తీస్తే అదే గ్రేడ్ రెండు, అదే అరుగుదల. మెట్లు మాత్రం ఎక్కేస్తున్నా, రాత్రి నిద్ర పడుతోంది. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఇంకా కుదరట్లేదు, పూజంతా కుర్చీలోనే, అత్తయ్యగారు గొణుగుతూనే ఉన్నారు.