అరవై దాటాక అదే రెండు పెగ్గులు
వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది. ఎప్పుడూ తాగే రెండు పెగ్గులే రక్తంలో ఇంకా చిక్కగా చేరతాయి. "ఇన్నేళ్లుగా తాగుతున్నా, నాకేం కాలేదు" అన్న మాట అందుకే చెల్లదు. బీపీ మాత్ర వేసుకుని తాగినవాళ్లు రాత్రి బాత్‌రూమ్‌కి లేచి, కళ్లు తిరిగి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. నిద్రమాత్ర తోడైతే ఊపిరే మందగిస్తుంది.

తూలినా, మరిచిపోతున్నా ఇంట్లోవాళ్లు వయసు మీదకి నెట్టేస్తారు, నాకు బాధ అక్కడే. రిటైరయ్యాకో, తోడు పోయాకో మొదలైన తాగుడు గురించి ఎవరూ అడగరు. తిట్టకుండా అడగండి.

రోజూ బాగా తాగేవాళ్ల చేత మాత్రం ఒక్కసారిగా మాన్పించకండి. 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. 2, 3 రోజులకు మతి చెదిరి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో, బి1 విటమిన్ ఇస్తూ మాన్పించాలి.