పోషణ నిమిత్తం

తెనాలి, మంగళవారం.

పొద్దున్నే కరెంటు పోయి, రైసు మిల్లు అన్నదమ్ముల పార్ట్‌నర్‌షిప్ డీడ్ ప్రింటర్లో సగంలో ఆగింది. ముగ్గురూ ముప్పై ఏళ్ళుగా నడిపిస్తున్నారు. ఒకరు పోతే మిగతా ఇద్దరూ నడుపుకోవచ్చన్న వాక్యం మాత్రం పాత డీడ్‌లో లేదు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం అలా రాసుకోకపోతే ఫర్మ్ రద్దయిపోతుంది. చెప్పగానే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పదకొండింటికి రిటైరయిన మాస్టారు, భార్యతో వచ్చారు. ఆయనకి 84. ఇల్లు కొడుకు పేర సెటిల్‌మెంట్ రాసేస్తారట, అంటే బతికుండగానే హక్కు ఇచ్చేసే దస్తావేజు, ఇప్పుడే.

"మీ తర్వాత పిన్నిగారు ఎక్కడుంటారు మాస్టారూ?"

"ఎక్కడుంటుందమ్మా, వాడి దగ్గరే."

పిన్నిగారు చేతిసంచి తాడు ముడేస్తూ, విప్పుతూ కూర్చున్నారు. వృద్ధుల కోసం 2007లో చట్టం వచ్చింది గానీ, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చినట్టు తేలకపోతే రాసిచ్చింది వెనక్కి రావడం కష్టమన్నాను. కన్నకొడుకుతో షరతులా అని ఆయన నొచ్చుకున్నారు. చివరికి వీలునామాకి దిగారు. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. బతికున్నన్నాళ్ళూ మార్చుకోవచ్చు అన్న మాట ఆయనకి బాగా నచ్చింది.

పేచీ కూతురి దగ్గర వచ్చింది. ఇల్లు స్వార్జితం, ఆయనిష్టం. తాతల నాటి రెండెకరాల మాగాణి అలా కాదు, ఇంకా పంపకాలు కాలేదు. "దాని పెళ్ళి 1984లోనే అయిపోయిందిగా! రామారావు గారి చట్టం పెళ్ళి కాని వాళ్ళకేగా!" అన్నారు. గట్టిగానే గుర్తుంది. కానీ హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణకి పెళ్ళితో పని లేదు, కూతురికి హక్కు పుట్టుకతోనే అని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. "పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదమ్మా" అన్నారు. ఆ లెక్క ఇంట్లో చెల్లుతుంది, కోర్టులో చెల్లదు.

సాయంత్రం ఇంటి వీలునామా చిత్తు రాస్తూ అలవాటు కొద్దీ టైపు చేశాను: "నా భార్య తన పోషణ నిమిత్తం జీవితాంతం అనుభవించుటకే గాని అన్యాక్రాంతము చేయుటకు హక్కు లేదు." అక్కడ చెయ్యి ఆగింది. 1977లో తులసమ్మ కేసు, మన ఆంధ్రా నుంచి వెళ్ళిందే. భరణం హక్కు కింద ఇచ్చిన ఆస్తయితే, అమ్మకూడదని ఎంత రాసినా ఆవిడకి పూర్తి హక్కే అంది సుప్రీంకోర్టు. "పోషణ నిమిత్తం" అన్న ఆ రెండు మాటలు ఉంచితే పిన్నిగారికి రేపు ఒక దారి ఉంటుంది. కొట్టేస్తే మాస్టారు అడిగినట్టు ఉంటుంది. నా క్లయింటు మాస్టారు. చెప్పకుండా ఉంచలేను, ఎందుకో కొట్టెయ్యనూ లేకపోతున్నాను.

పొద్దున వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆయన ముందు మెట్లు దిగుతుంటే ఆవిడ వెనక్కి తిరిగి, "ఆ ఇంటి పునాదికి మా అమ్మ పెట్టిన గొలుసు అమ్మామమ్మా" అన్నారు. అంతే, ఇంకేం అడగలేదు.

రేపు పదకొండుకి మళ్ళీ రమ్మన్నాను. ఇద్దర్నీ.