మూడో ఫేజ్ పోయిన తెల్లవారుజాము: 11 కేవీ ఆటో ఛేంజోవర్‌తో నా అనుభవం

నాకిచ్చిన మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం ఈ రోజు సాయంత్రం చేతికొచ్చింది. వేడి తగ్గకముందే అంతా రాసి పెడుతున్నాను. రెండు ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైన్లు), ఒకటి పోతే రెండోదానికి దానంతటదే మారే ఆటో ఛేంజోవర్ పెట్టించుకుంటున్న ఆసుపత్రుల వాళ్లకో, ఫ్యాక్టరీల వాళ్లకో పనికొస్తుంది.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జిని. డిప్లొమా చేసి ఈ పనిలోకి వచ్చి 19 ఏళ్లు. మాది 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు. నిరుడు వేరే సబ్‌స్టేషన్ నుంచి రెండో ఫీడర్ కూడా తీసుకున్నాం. దరఖాస్తు, ఎస్టిమేటు, డబ్బు కట్టడం, కేబుల్, ఇన్‌స్పెక్షన్ అన్నీ టైము తీసుకున్నాయి గానీ ఏడిపించలేదు. కాగితాలు వరసగా పెట్టుకుంటే ఆ దశలు గడిచిపోతాయి.

ప్యానెల్లో మూడు వాక్యూమ్ బ్రేకర్లు, అంటే హై వోల్టేజ్‌ని కలిపి విడదీసే పెద్ద స్విచ్‌లు. అటొకటి ఇటొకటి ఇన్‌కమర్లు, అంటే ఒక్కో ఫీడర్‌ని లోపలికి తెచ్చేవి. మధ్యలో బస్ కప్లర్, అంటే రెండు వైపుల బస్‌లని (లోడుకి కరెంటు పంచే కడ్డీలని) కలిపేది. మామూలుగా రెండు ఇన్‌కమర్లు ఆన్‌లో, కప్లర్ ఆఫ్‌లో ఉంటాయి. ఒక ఫీడర్ పోతే దాని ఇన్‌కమర్ ట్రిప్ కావాలి, కప్లర్ ఆన్ కావాలి, రెండో ఫీడర్ మొత్తం లోడు ఎత్తుకోవాలి. మూడూ కలిసి ఎప్పుడూ ఆన్ కాకూడదు, అందుకు ఇంటర్‌లాక్ ఉంటుంది. అది లేకపోతే ఒక ఫీడర్ కరెంటు మన బస్ మీదుగా రెండో లైనులోకి ఎదురు వెళ్తుంది, అక్కడ స్తంభం మీద పని చేసేవాడి ప్రాణం పోతుంది. మన బస్‌లోనే ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటిది) వస్తే లాకౌట్ రిలే ఈ మార్పును ఆపేయాలి, లేదంటే బాగున్న ఫీడర్‌ని తీసుకెళ్లి ఫాల్ట్ మీద పెట్టినట్టవుతుంది. ఫీడర్ వోల్టేజ్‌ని కనిపెట్టి బ్రేకర్లకి ఆర్డరిచ్చే రిలేని, వోల్టేజ్ 80 శాతం కన్నా తగ్గి 2 సెకన్లు అలాగే ఉంటే మారేలా సెట్ చేశారు.

కమిషనింగ్ రోజు కొబ్బరికాయ కొట్టారు. సబ్‌స్టేషన్లో ఫీడర్ బ్రేకర్ తీయించారు, రెండు సెకన్లకి ఇక్కడ కప్లర్ ఠప్పున ఆన్ అయింది. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ పని చేసింది. సంతకాలయ్యాయి.

మే నెలలో గాలివాన వచ్చిన రోజు తెల్లవారుజామున నాలుగింటికి మా హెల్పర్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, కరెంటు పోలేదు, కానీ ఏదో అయింది. లైట్లు సగం డిమ్ముగా ఉన్నాయి, లిఫ్ట్ ఆగిపోయింది, చిల్లర్ పంపులు మూలుగుతున్నాయి." ప్యానెల్ గదికి వెళ్లి వోల్ట్‌మీటర్ సెలెక్టర్ తిప్పాను. ఆర్, వై, బి అనేవి మూడు ఫేజుల పేర్లు. ఆర్-వై మధ్య 11 కేవీ నిండుగా ఉంది. వై-బి తిప్పితే ముల్లు సగానికి పడిపోయింది. బి-ఆర్ కూడా అంతే. బి ఫేజ్ అమ్మీటర్ సున్నా. లైను మీద ఎక్కడో బి ఫేజ్ జంపర్ (స్తంభం దగ్గర తీగల్ని కలిపే ముక్క) తెగిందన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ పైవైపు (11 కేవీ వైపు) వైండింగ్‌లు డెల్టాగా, అంటే త్రికోణంలా కలిపి ఉంటాయి కాబట్టి, అటు ఒక ఫేజ్ పోతే కింద ఒక ఫేజ్ నిండుగా వస్తుంది, మిగతా రెండూ సగం వోల్టేజే ఇస్తాయి. మోటార్లను మాడ్చేది సరిగ్గా ఇదే.

రిలే మీద పచ్చ లైటు హాయిగా వెలుగుతోంది. ట్రిప్ లేదు, మార్పు లేదు. బాధేమిటంటే, కింద జనరేటర్ ప్యానెల్లో ఉన్న చిన్న ఫేజ్ రిలే అప్పటికే సంగతి పసిగట్టి, జనరేటర్ స్టార్ట్ చేసి ఐసీయూని, ఆపరేషన్ థియేటర్లని కాపాడింది. లక్షలు పోసిన ప్యానెల్ మాత్రం చూస్తూ ఊరుకుంది. నేను ప్యానెల్ మీదున్న ఆటో/మాన్యువల్ సెలెక్టర్‌ని మాన్యువల్‌కి తిప్పి, ఇన్‌కమర్ ట్రిప్ చేసి, కప్లర్ ఆన్ చేశాను. ఈలోగా ఒక పంపు మోటార్ వైండింగ్ కాలిపోయింది. ఆ వాసన రోజంతా పోలేదు.

పొద్దున్నే మీటింగు. ప్యానెల్ కాంట్రాక్టరు మనిషి ఫోన్ స్పీకర్లో ఒకటే మాట అన్నాడు: "మీ వాళ్లు సెలెక్టర్ మాన్యువల్లో వదిలేసి ఉంటారు సార్." ఎవరూ నా వైపు తిరిగి నిజమా అని అడగలేదు. నాకన్నా సగం వయసున్న అడ్మినిస్ట్రేషన్ అతను, నర్సింగ్ సూపరింటెండెంట్ గారి ముందే, "ఇంత ఖర్చు పెట్టించి చివరికి స్విచ్ చూసుకోలేకపోయారా?" అన్నాడు. సాయంత్రానికి మెమో. 19 ఏళ్లలో అది మొదటిది. ఇంట్లో చెప్పలేదు, అన్నం సహించలేదు. ప్యానెల్ దగ్గర రాత్రింబవళ్లు నిలబడేవాడి మాటకి, ఏసీ గదిలోంచి ఫోన్ చేసేవాడి మాటకున్న విలువ ఎందుకుండదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆ రాత్రే ల్యాప్‌టాప్ కేబుల్ పెట్టి రిలేలోంచి ఈవెంట్ రికార్డు దించాను. నాలుగు గంటల ప్రాంతంలో సెలెక్టర్ ఎక్కడుందో అందులో స్పష్టంగా ఉంది: ఆటో. మాన్యువల్‌కి మారింది నేను తిప్పిన నిమిషంలోనే. ఇంకో సంగతీ దొరికింది. అండర్‌వోల్టేజ్ సెట్టింగ్‌లో 'ఏదైనా ఒక ఫేజ్' అని కాకుండా 'మూడు ఫేజులూ' అని పెట్టారు. మూడు వోల్టేజీలూ పడిపోతేనే రిలే కదులుతుంది. ఆర్-వై నిండుగా ఉన్నంతసేపు దాని దృష్టిలో అంతా బాగున్నట్టే. కమిషనింగ్‌లో ప్రతిసారీ బ్రేకర్ తీసి మూడు ఫేజులూ ఒకేసారి పోగొట్టాం కాబట్టి ఇది బయటపడలేదు. మన లైన్లలో గాలివానకి తెగేది ఒక్క ఫేజే, ఎక్కువసార్లు.

అలా పెట్టడానికి ఒక కారణం ఉంది, అది కూడా చెప్పాలి. 'ఏదైనా ఒక ఫేజ్' అని పెడితే, పీటీ (రిలే కొలవడానికి వోల్టేజ్‌ని తగ్గించి ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) ఫ్యూజ్ ఒకటి ఎగిరినా రిలే కరెంటు పోయిందనుకుని ఊరికే మార్చేస్తుంది. దానికి మందు ఆ రక్షణ తీసేయడం కాదు. పీటీ ఫ్యూజ్ పోతే వోల్టేజ్ మాత్రమే మాయమవుతుంది, మూడు ఫేజుల యాంపియర్లూ అలాగే ఉంటాయి. లైను తెగితే ఆ ఫేజ్ యాంపియర్లు కూడా పోతాయి. నెగటివ్ సీక్వెన్స్ వోల్టేజ్‌తో (మూడు ఫేజుల మధ్య తేడా ఎంతుందో చెప్పే కొలతతో) పాటు ఈ తేడా కూడా చూసేలా లాజిక్ రాయమని పట్టుబట్టాను. రిలే పాస్‌వర్డ్ కాంట్రాక్టర్ దగ్గరే ఉండడంతో దానికి పదకొండు రోజులు పట్టింది. పాస్‌వర్డ్, సెట్టింగుల ఫైలు చేతికి రాకుండా ఆఖరి బిల్లు పాస్ చేయకండి.

మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు అందరినీ పిలిపించాను. ముందు పీటీ ఫ్యూజ్ నేనే లాగాను: అలారం మోగింది, బ్రేకర్లు కదల్లేదు. తర్వాత ఇంజెక్షన్ కిట్‌తో (రిలేకి కృత్రిమంగా వోల్టేజ్, యాంపియర్లు ఇచ్చే పరికరంతో) తెగిన లైను లెక్కనే వోల్టేజీలు ఇచ్చి, బి ఫేజ్ యాంపియర్లు సున్నా చేయించాను. రెండు సెకన్లు. ఇన్‌కమర్ పడింది, కప్లర్ ఎక్కింది. కాంట్రాక్టర్ మనిషి రిపోర్టు మీద సంతకం పెట్టేదాకా అతని పక్కనే నిలబడ్డాను. ఈవెంట్ రికార్డు ప్రింటు కూడా దానికి జత చేసి పైకి పంపాను. ఈ రోజు వచ్చిన కాగితం దాని ఫలితమే.

ఇంకో రెండు మాటలు. మీ రెండు ఫీడర్లు పైన ఏ 132 కేవీ సబ్‌స్టేషన్ దగ్గర కలుస్తున్నాయో ముందే కనుక్కోండి. రెండూ ఒకే చోటి నుంచి వస్తే, అక్కడ కరెంటు పోయినప్పుడు రెండూ కలిసే పోతాయి. రెండోది, మొదటి ఫీడర్ వచ్చాక తిరిగి దాని మీదికి వెళ్లే పనిని ఆటోలో పెట్టొద్దు. గాలివాన రాత్రి లైను వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. మేం అరగంట చూసి, సబ్‌స్టేషన్ ఆపరేటర్‌తో ఫోన్లో మాట్లాడి, ఆపరేషన్ థియేటర్‌కి చెప్పాకే చేత్తో మారుస్తున్నాం.