జీపులో పిట్ట

రాత్రి రెండింటికి రొయ్యల గుంత మీద, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ శబ్దం కొంచెం మారినా చాలు, లేచి కూర్చుంటాను. నాలుగు ఏరేటర్లలో దేని బేరింగు మూలుగుతోందో మంచం దిగకుండానే చెప్తాను. చెప్పకపోతే తెల్లారేసరికి ఆక్సిజన్ అందక రొయ్య తేలిపోతుంది కాబట్టి ఆ చెవి అట్టా అలవాటైంది. అట్టాంటి నేను, పది రోజులుగా జీపు కిచకిచమంటుంటే పాటల సౌండ్ పెంచుకుని తిరిగాను. "వెనక సీటు కింద పిట్టేమైనా గూడు పెట్టిందేమో చూడండి" అని మా ఆవిడ రెండుసార్లు అంది. నవ్వి ఊరుకున్నా.

ఈ పొద్దున మేత బస్తాలు వేసుకుని మైపాడు రోడ్డు దిగి గుంతల గట్టు మీదికి ఎక్కాను. కార్తీక మాసం, వారంగా ముసురు. గట్టు మీద బంకమన్ను దోసెల పిండిలా ఉంది. ఫోర్ వీల్ వేస్తేగానీ, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ లాగుడు ఇస్తేగానీ, బండి కదల్లేదు. మేత దించి, రొయ్య మేత తిన్నదో లేదో తెలిపే చెక్‌ట్రేలు చూసుకుని, మళ్లీ తారురోడ్డెక్కి మలుపు తిప్పానో లేదో, కింద కట్ కట్‌మని శబ్దం. స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనక ఎవరో తాడేసి లాగుతున్నట్టు బండి ముందుకు పోనంటోంది. టెన్షన్ వచ్చేసింది, గేర్‌బాక్సు పోయిందనే అనుకున్నా. తీరా చూస్తే ఫోర్ వీల్ లివరు వేసింది వేసినట్టే ఉంది.

మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే పెద్ద చుట్టు తిరుగుతాయి. మా పాత జీపులో ఫోర్ వీల్ వేశామంటే ఇంజన్ తిప్పుడుని చక్రాలకి అందించే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు రెండూ ఒకే లెక్కన తిరగాల్సిందే. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారే వీల్లేదు, ఆ బిగువంతా షాఫ్టుల మీదా గేర్ల పళ్ల మీదా పడుతుంది. ఇదంతా తెలిసీ మర్చిపోయాను. లివరు లాగితే రాలేదు. నాలుగైదు గజాలు తిన్నగా వెనక్కి పోనిచ్చాక అప్పుడు ఊడొచ్చింది.

అట్టా రివర్స్ వేసినప్పుడే ఇంకోటి చెవిన పడింది. ముందు గేరు నుంచి వెనక గేరుకి మార్చగానే, కింద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టినట్టు 'టంగ్'. మళ్లీ ముందుకి వేశా. మళ్లీ టంగ్. ఇంక లాభం లేదని నేరుగా నెల్లూరు ఆటోనగర్‌కి పోయా.

"ఎడమ పక్క ముందు చక్రం దగ్గర భాయ్" అన్నాను.

"యాడ వస్తాదో నేను చూసుకుంటా నా. ఎప్పుడు వస్తాదో అది చెప్పు నువ్వు" అన్నాడు మేస్త్రీ.

చెప్పలేకపోయా. పది రోజులు విన్న శబ్దం!

పక్కన కూర్చుని ట్రయల్‌కి రమ్మన్నాడు. అద్దాలు దింపించి, ఒక పొడవాటి కాంపౌండు గోడ పక్కనే తోలమన్నాడు. శబ్దం గోడకి తగిలి తిరిగొస్తుంది కదా, బయట నిలబడి విన్నట్టే వినిపించింది. నలభైలో న్యూట్రల్ చేయించాడు. ఇంజన్ మోత తగ్గింది గానీ కిచకిచ ఆగలేదు. బండి నెమ్మదించేకొద్దీ కిచ... కిచ... అని శబ్దానికీ శబ్దానికీ మధ్య ఎడం పెరిగింది. అంటే ఇంజన్‌ది కాదు, బండితోపాటు తిరిగేది ఏదో. కుడికీ ఎడమకీ ఊపమన్నాడు. చక్రం బేరింగయితే బరువు ఒక పక్కకి పడినప్పుడు మూలుగు మారేదట. మారలేదు. టంగ్ సంగతి చెప్పేసరికి, "క్రాసు నా, వెనక షాఫ్టుది" అని తేల్చేశాడు. క్రాసంటే షాఫ్టు చివర జాయింటులో ఉండే కూడిక గుర్తు ఆకారపు ఇనుప ముక్క, దాని నాలుగు కొనలకీ బేరింగు కప్పులుంటాయి.

షెడ్డులో బండి కింద దూరి, షాఫ్టుని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించాడు. జాయింటు దగ్గర వేలి గోరంత ఆడుతోంది. విప్పే ముందు ఉలితో షాఫ్టు మీద ఒక గీత, దాన్ని బిగించిన ఫ్లాంజి మీద ఎదురుగా ఇంకో గీత కొట్టాడు. మళ్లీ అట్టానే కూర్చోకపోతే వేగంలో అదురు మొదలవుతుందంట. నాకు నచ్చింది ఆ పని. అరనిమిషం కూడా పట్టలేదు, కానీ ఎంతమంది చేస్తారు?

కప్పుల్ని పట్టి ఉంచే సర్‌క్లిప్పులు తీసి, సుత్తితో తట్టి కప్పులు ఊడదీశాడు. మూడింటిలో నల్లటి గ్రీజు ఉంది. నాలుగో దాంట్లో ఎర్రటి పొడి, ఇటుక దంచినట్టు. సన్నటి సూదుల్లాంటి రోలర్లు సగం అరిగి, తుప్పులో కలిసిపోయాయి. ఆ ఒక్క కప్పే పది రోజులు పిట్టలా అరిచింది. గుంతల దగ్గర ఉప్పు నీళ్లలో దిగడం, ఇంటికొచ్చి పైన మాత్రం కడగడం, గ్రీజు ఎక్కించే నిపిల్ ఉందన్న సంగతే మర్చిపోవడం. "ఎండాకాలం కొట్టించా భాయ్" అని నసిగితే, ఏ ఎండాకాలం అని అడిగాడు.

కొత్త క్రాసు బిగించి, నాలుగు పక్కలా బయటికి ఉబికేదాకా గ్రీజు గన్ను కొట్టాడు. క్రాసూ కూలీ కలిపి 1,600. సైలెన్సర్ మీది రేకు కూడా గలగలమంటుంటే ఒక క్లాంపు వేశాడు, దానికి డబ్బులు తీసుకోలేదు. అరవై దాటితే వచ్చే హోరు మాత్రం అట్టానే ఉంది. తారు మీద ఒక రకంగా, సిమెంటు రోడ్డు మీద ఇంకో రకంగా వస్తోంది కాబట్టి అది బురద టైర్ల గోలేనంట, వదిలెయ్యమన్నాడు.

వచ్చేటప్పుడు పాటలు పెట్టలేదు. ఒక గ్రీజు గన్ను కొని సీటు కింద పెట్టా. పాత క్రాసు కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, ఇదే నీ పిట్ట అని మా ఆవిడకి చూపించా. కాగితం చిరిగి టేబుల్ గుడ్డకి గ్రీజు అయింది. దాని గురించి ఇంకా అంటూనే ఉంది.