నోటీస్ పీరియడ్‌లో ఉన్న టీమ్

మా రగ్బీ లీగ్ టీమ్ పారామట్టా ఈల్స్ నుంచి రీడ్ మహోనీ వెళ్ళిపోతున్నాడని మా బాబుకి చెప్పాల్సి వచ్చింది నేనే. 2021 డిసెంబర్, స్కూల్ సెలవులు, సిడ్నీ పడమటి వైపున్న వెంట్‌వర్త్‌విల్‌లో ఎండ మండిపోతోంది, వాడు హాల్లో నేల మీద బోర్లా పడుకుని ఏదో గీసుకుంటున్నాడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. వాడి ఈల్స్ జెర్సీ మీద 9 నంబర్ ఉండటానికి కారణం వయసు కాదు, మహోనీ నంబర్ అది. వచ్చే సీజన్ మొత్తం మనకే ఆడతాడు నాన్నా, అది అయిపోయాక వేరే క్లబ్, బుల్‌డాగ్స్‌కి వెళ్తాడు అని చెప్పాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "వెళ్ళిపోయేవాడు మన కోసం ఎందుకు గట్టిగా ఆడతాడు?"

ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. 2022లో పారామట్టా ఈల్స్ ఆడిన సీజన్ గురించి ఇన్నేళ్ళ తర్వాత కూర్చుని రాస్తున్నానంటే ఆ ప్రశ్న వల్లే.

రగ్బీ లీగ్ తెలియనివాళ్ళకి కాస్త చెబుతాను. జట్టుకి పదమూడు మంది, 80 నిమిషాల ఆట. బంతి చేతిలో పెట్టుకుని ఎదుటివాళ్ళ గీత దాటి నేలకి ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు, ఆ తర్వాత కిక్ కూడా పడితే ఇంకో 2. బంతి మన దగ్గరున్నప్పుడు ఎదుటివాళ్ళు మనల్ని ఆరుసార్లు పట్టి పడేసేలోపు (అలా పడెయ్యడాన్ని టాకిల్ అంటారు) ఏదో ఒకటి చెయ్యాలి, లేకపోతే బంతి వాళ్ళదైపోతుంది. మొదటిసారి చూసినప్పుడు మా అత్తమ్మ "ఇది మన కబడ్డీ లెక్కనే ఉంది కదా" అంది, అది నిజమే. ఒక్కడు దూసుకొస్తాడు, ముగ్గురు నలుగురు కలిసి నడుము, కాళ్ళు పట్టుకుని కింద పడేస్తారు. కాకపోతే ఇక్కడ పడినవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి, మళ్ళీ ఆట మొదలుపెడతాడు. ఆ దొర్లించిన బంతిని ప్రతిసారీ వంగి తీసుకుని ఎటు పోవాలో నిర్ణయించేవాడే హుకర్. మహోనీది ఆ స్థానం. మన చేతిలో బంతి లేనప్పుడు కూడా అతనికి విశ్రాంతి ఉండదు, మైదానం మధ్యలో నిలబడి తనకంటే ఇరవై ముప్ఫై కిలోలు ఎక్కువ బరువున్నవాళ్ళని ఆపాలి.

ఇక ఈల్స్ సంగతి. 1947లో పుట్టిన క్లబ్, రంగులు నీలం, పసుపు. ఈల్ అంటే పాములా పొడుగ్గా ఉండే చేప, పారామట్టా అన్న పేరే ఇక్కడి మూలవాసుల ధారుగ్ భాషలో ఆ చేపలుండే చోటు అనే అర్థంతో వచ్చింది. 1981, 82, 83, మళ్ళీ 86లో చాంపియన్లు. అంతే. ఆ తర్వాత 2001లో ఫైనల్ ఓడారు, 2009లో ఓడారు. 86 ఫైనల్లో ఒక్క ట్రై కూడా లేకుండా, కిక్కులతోనే 4-2తో గెలిచిన సంగతి మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతాడు. మేము వెంటీకి (వెంట్‌వర్త్‌విల్‌ని ఇక్కడ అలాగే అంటారు) వచ్చిన కొత్తలో చెత్త డబ్బాలు ఏ రోజు బయట పెట్టాలో చెప్పింది ఆయనే, మా వాడికి మొదటి జెర్సీ కొనిచ్చిందీ ఆయనే. హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, ఈ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉంటారో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. దోశ తిని నడుచుకుంటూ స్టేడియానికి వెళ్ళొచ్చు. అయినా మనవాళ్ళలో చాలామందికి ఈ ఆట పట్టదు, క్రికెట్ దగ్గరే ఆగిపోతారు. అది నాకు బాధగానే ఉంటుంది. మన ఊరి టీమ్ కదా ఇది.

మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. ఈ లీగ్‌లో ప్రతి క్లబ్‌కి ఆటగాళ్ళ మీద ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఒక హద్దు ఉంటుంది, శాలరీ క్యాప్ అంటారు. కుర్రాళ్ళని తీసుకుని, నేర్పించి, మంచి ఆటగాళ్ళని చేశాక వాళ్ళ ధర పెరుగుతుంది, అందర్నీ ఉంచుకోవడానికి డబ్బు చాలదు. దాని మీద ఇంకో నిబంధన, కాంట్రాక్ట్ చివరి ఏడాదిలోకి వచ్చే ఆటగాడు నవంబర్ 1 నుంచి వేరే క్లబ్‌లతో మాట్లాడుకోవచ్చు. అంటే ఇంకా ఒక సీజన్ మొత్తం ఇక్కడ ఆడాల్సి ఉండగానే వచ్చే ఏడాదికి ఇంకోచోట సంతకం పెట్టేస్తాడు. అలా 2022 సీజన్ మొదలయ్యేలోపే మహోనీ బుల్‌డాగ్స్‌కి, ఐజాయా పాపలీ వెస్ట్స్ టైగర్స్‌కి, మరాటా నియుకోరే న్యూజిలాండ్ వారియర్స్‌కి ఖాయమైపోయారు. ముగ్గురూ టీమ్‌కి ముఖ్యమైనవాళ్ళే.

ఐటీలో ఉన్నవాళ్ళకి దీన్ని నోటీస్ పీరియడ్ అంటే వెంటనే అర్థమవుతుంది. నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్ళని ఎలా చూస్తారో నాకు అదే ఏడాది అనుభవమైంది. మార్చిలో నేను ఒక కంపెనీకి రాజీనామా ఇచ్చాను, నాలుగు వారాల నోటీస్. రెండో రోజే మీటింగ్ ఇన్వైట్లలోంచి నా పేరు తీసేశారు. మూడేళ్ళు నేను చూసుకున్న మాడ్యూల్ గురించి పక్క గదిలో మాట్లాడుకుంటున్నారు, నన్ను పిలవలేదు. నేనూ తక్కువ తినలేదు, ఆఖరి రెండు వారాలు మనసు పెట్టి పని చెయ్యలేదు. నా తర్వాత వచ్చే అమ్మాయికి రాసివ్వాల్సిన నోట్స్ సగమే రాసిచ్చాను. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ మనసుతోనే ఆ సీజన్ చూశాను.

మార్చి చివర్లో మెల్‌బోర్న్‌లో స్టార్మ్‌తో మ్యాచ్. అక్కడికెళ్ళి వాళ్ళని గెలవడం ఎవరికైనా కష్టం. 80 నిమిషాలు అయ్యేసరికి 24-24. అదనపు సమయం, ముందు ఎవరు పాయింట్ కొడితే వాళ్ళదే ఆట. రే స్టోన్ ట్రై కొట్టాడు, గెలిచాం, అందరూ అతని మీద పడబోయారు, అతను లేవలేదు. గెలిపించిన ఆ ఒక్క కదలికలోనే మోకాలి లిగమెంట్ తెగిపోయింది. సీజన్ అక్కడితో అయిపోయింది అతనికి. ఆ మర్నాటి ఏడాది అతను డాల్ఫిన్స్‌కి వెళ్ళిపోయాడు. ఈల్స్ కోసం చేసిన ఆఖరి పని అదే. మా వాడు టీవీకి దగ్గరగా వెళ్ళి నిలబడి "లేస్తాడా అమ్మా, లేస్తాడా" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఈస్టర్ సోమవారం. మేము స్టేడియంలోనే ఉన్నాం. ప్రత్యర్థి వెస్ట్స్ టైగర్స్, పాపలీ వెళ్ళబోయే క్లబ్, ఆ ఏడాది చివరికి అట్టడుగున మిగిలిన టీమ్. ఆఖరి క్షణాల్లో జాక్సన్ హేస్టింగ్స్ ఫీల్డ్ గోల్ (ఆట నడుస్తుండగానే పోస్టుల మధ్యకి తన్నే కిక్, 1 పాయింట్) కొట్టాడు, 21-20, ఓడిపోయాం. జూన్‌లో మహోనీ వెళ్ళబోయే బుల్‌డాగ్స్ చేతిలో 34-4. అప్పటికి వాళ్ళు పట్టికలో అడుగున కొట్టుకుంటున్నారు. మా ముందు వరసలో ఒకాయన గట్టిగానే అన్నాడు, వీళ్ళ మనసులు ఇక్కడ లేవు, ఎప్పుడో సర్దుకుని వెళ్ళిపోయారు అని. రైల్లో కూడా అదే మాట. నాకు ఒళ్ళు మండింది, కానీ లోపల ఎక్కడో నాకూ అదే అనుమానం. నా ఆఖరి రెండు వారాలు నాకు గుర్తున్నాయి కదా.

కానీ అదే టీమ్ మేలో పెన్రిత్ వెళ్ళి, సొంత మైదానంలో వరుసగా 21 మ్యాచ్‌లు గెలిచి కూర్చున్న పెన్రిత్ పాంథర్స్‌ని 22-20తో ఓడించింది. జూలైలో మళ్ళీ ఇక్కడ 34-10. (ఆ మ్యాచ్‌లో డిలన్ బ్రౌన్‌ని ఎత్తి పడేసినందుకు వాళ్ళ నేథన్ క్లియరీని రిఫరీ బయటికి పంపాడు, అది కూడా కలిసొచ్చింది, కాదనను.) పెన్రిత్ లీగ్ దశ మొత్తంలో ఓడింది నాలుగు మ్యాచ్‌లు. అందులో రెండు మా చేతిలోనే. అట్టడుగువాళ్ళ దగ్గర ఓడి, అందరికంటే పైనున్నవాళ్ళని రెండుసార్లు పడగొట్టిన టీమ్‌ని మనసు లేనిదని ఎలా అంటాం? ఆఖరి వారం స్టార్మ్‌ని మళ్ళీ గెలిచి నాలుగో స్థానంలో నిలిచాం, 16 గెలుపులు, 8 ఓటములు.

నాకు బాగా గుర్తుండిపోయింది సెప్టెంబర్ 23. మొదటి ఫైనల్స్ మ్యాచ్ పెన్రిత్ దగ్గర 27-8తో పోయింది, రెండోది కాన్‌బెర్రా మీద 40-4. ఇక ప్రిలిమినరీ ఫైనల్, అది గెలిస్తేనే గ్రాండ్ ఫైనల్, ఉత్తరాన టౌన్స్‌విల్‌లో, కౌబాయ్స్ ఇంట్లో. శుక్రవారం రాత్రి. సెకండ్ హాఫ్‌లో 20-12 వెనకబడ్డాం. నేను వంటింట్లోకి వెళ్ళి అవసరం లేకపోయినా గిన్నెలు తోమడం మొదలుపెట్టాను, చూడలేక. రేగన్ క్యాంప్‌బెల్-గిలార్డ్ ముగ్గురిని లాక్కుంటూ గీత దాటాడు, 20-18. తర్వాత మైకా సీవో. ముందు ఏడాది అతని మోకాలి లిగమెంట్ కూడా తెగింది, సగం సీజన్ అయ్యాక కానీ తిరిగి రాలేదు. ఎడమ అంచున బంతి అందుకుని, మూలలోకి పడ్డాడు. మిచెల్ మోజెస్ కిక్ కూడా పడింది, 24-20. మిగిలిన పది నిమిషాలు మహోనీ ప్రతి టాకిల్ దగ్గరా ఉన్నాడు. పడుతున్నాడు, లేస్తున్నాడు, మళ్ళీ వెళ్ళి మధ్యలో నిలబడుతున్నాడు. ఒకసారి కెమెరా దగ్గరగా చూపించింది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద, కళ్ళు మాత్రం బంతి మీదే. ఇంకో ఐదు వారాల్లో అతను వేరే క్లబ్ మనిషి. నేను చేతికి సబ్బు నురగతోనే హాల్లో నిలబడి ఏడ్చేశాను. అత్తమ్మ కంగారుపడి "ఏమైంది బిడ్డా, గెలిచిన్రు కదా" అంది.

అక్టోబర్ 2, గ్రాండ్ ఫైనల్. పెన్రిత్‌తోనే. బతుకమ్మ ఎనిమిదో రోజు, వెన్నముద్దల బతుకమ్మ. మర్నాడు సద్దుల కోసం ఆ రోజే పూలు తెచ్చుకున్నాం. ఇక్కడ తంగేడు ఎక్కడ దొరుకుతుంది, గునుగు ఎక్కడ దొరుకుతుంది, బంతి, చామంతి కొనుక్కుని సర్దుకుంటాం. ఊళ్ళో గునుగు పూలకి రంగులు అద్దుతారు కదా, అలా తెల్ల చామంతులకి నీలం రంగు అద్దుదామని మా వాడు పట్టుబట్టాడు. పసుపు బంతి ఒక వరస, నీలం ఒక వరస. అత్తమ్మ ముందు నీలమేంటని అంది, తర్వాత తనే గిన్నెలో రంగు కలిపింది.

ఆ రోజు ముందు ఆడవాళ్ళ ఫైనల్. అందులోనూ ఈల్స్! లీగ్‌లో ఐదింట్లో ఒక్కటే గెలిచి నాలుగో స్థానంతో గట్టెక్కి, సెమీస్‌లో ఓటమే ఎరగని రూస్టర్స్‌ని 24-10తో ఓడించి వచ్చారు. సిమైమా టౌఫా కెప్టెన్. న్యూకాజిల్ చేతిలో 32-12తో ఓడారు. ఆ సెమీస్ గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు, దాని మీద విడిగా రాయాలి నేను.

రాత్రి మగవాళ్ళ మ్యాచ్. చెప్పడానికి ఎక్కువ లేదు. సగానికే 18-0, తర్వాత 28-0. పెన్రిత్ ఆ రోజు మనకంటే చాలా పైన ఉంది, డిలన్ ఎడ్వర్డ్స్‌ని ఎవరూ ఆపలేకపోయారు, ఫైనల్లో అందరికంటే బాగా ఆడినవాడికిచ్చే చర్చిల్ మెడల్ అతనికే వచ్చింది. ఆఖర్లో కెప్టెన్ క్లింట్ గుథర్‌సన్ ఒక ట్రై, జేక్ అర్థర్ ఒక ట్రై. జేక్ కోచ్ బ్రాడ్ అర్థర్ కొడుకు. ఆ ఏడాది మధ్యలో మన అభిమానులే కొందరు ఆ కుర్రాణ్ణి బూ అన్నారు. గ్రాండ్ ఫైనల్లో ఈల్స్‌కి ఉన్న రెండు ట్రైలలో ఒకటి అతనిది. 28-12.

హూటర్ మోగాక మహోనీ, పాపలీ, నియుకోరే ఆ నీలం పసుపు జెర్సీల్లో ఆఖరిసారి నిలబడ్డారు. మరుసటి ఏడాది టీమ్ పదో స్థానానికి పడిపోయింది. 2024 మేలో కోచ్‌నే పంపించేశారు. ఆ టీమ్‌ని మళ్ళీ ఒక్కచోట చూడలేదు.

మా వాడు సోఫాలో ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు, వేళ్ళకి ఇంకా నీలం రంగు. పడుకునే ముందు అన్నాడు, "రీడ్ చివరిదాకా టాకిల్ చేశాడమ్మా, స్కోర్ అయిపోయాక కూడా." అవును నాన్నా, చూశాను అన్నాను.

మర్నాడు సోమవారం, లేబర్ డే సెలవు. పొద్దున్నే బతుకమ్మ పేర్చాం. వాడు 9 నంబర్ జెర్సీ వేసుకునే వచ్చి కూర్చుని నీలం వరస తనే పేర్చాడు. నేను మధ్యాహ్నం లాప్‌టాప్ తీసి, పాత కంపెనీలో నా తర్వాత చేరిన అమ్మాయికి లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెట్టాను. ఆ మాడ్యూల్‌లో ఎక్కడైనా ఆగిపోతే నన్ను అడుగు, నేను అన్నీ రాసివ్వలేదు అని. సాయంత్రానికి ఆ అమ్మాయి దగ్గర్నుంచి పదకొండు ప్రశ్నలు వచ్చాయి.